బట్లహళ్ళి చెరువు మీద ఐదో ఆదివారం

కదలదు. గంట నుంచి చూస్తున్నాను, గాలానికి కట్టిన ఆ ఎర్ర బెండు నీళ్ల మీద నిలువుగా నిలబడి ఉండటమే తప్ప ఒక్క మునక వేయలేదు. ఆఫీసరు బెండును చూస్తున్నాడు. నేను ఆఫీసరును చూస్తున్నాను. తూము కాసే నీరుగంటి బైరప్ప కంబళి తలమీదుగా కప్పుకుని, తూము రాయి మీద గొంతుకూర్చుని మా ఇద్దరినీ చూస్తున్నాడు. ఇంత పెద్ద చెరువు, మార్గశిర మాసం, కట్ట అంచు దాకా నీళ్లు, ఇందులో ఒక్క చేపకైనా, ఒక్కటంటే ఒక్కదానికి, ఆకలి వేయకూడదా? వచ్చి ఇంత తిని పోకూడదా? నా ఒళ్లో మూత పెట్టిన తగరపు డబ్బా ఉంది. అందులో తడిమట్టి, మట్టిలో వానపాములు. అవి లోపల మెదులుతుంటే బయటికేమీ తెలియదు, కానీ నా తొడకు తెలిసిపోతున్నట్టే ఉంటుంది. నేను చింతామణి శెట్ల ఇంటివాణ్ణి. మా ఇంట్లో వారంలో రెండు రోజులు ఉల్లిపాయ కూడా తరగరు. అలాంటివాణ్ణి ఆదివారం పూట వానపాముల డబ్బా ఒళ్లో పెట్టుకుని, మడత కుర్చీలో, దగ్గు వచ్చినా గొంతులోనే నొక్కుకుంటూ కూర్చున్నాను, ఎందుకంటే చప్పుడైతే చేప రాదట. చప్పుడు లేకపోయినా రాలేదు కదా సార్ అని అడగాలని ఉంది. అడగను. పన్నెండేళ్లుగా అడగాలని ఉండి అడగనివి చాలా ఉన్నాయి, వాటిలో ఇదొకటి.

అంతా నా నోటి తొందర. ఐదు వారాల కింద అర్జీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లిన రోజు నోరు మూసుకుని నిలబడి ఉంటే సరిపోయేది. రాష్ట్రాలు కలిపి ఏడాది దాటింది, కొత్తగా కలిసిన జిల్లాలకు గుమాస్తాలు కావాలని పాత మైసూరు వాళ్లను ఒక్కొక్కరినే బీదరుకూ రాయచూరుకూ పంపిస్తున్నారు. నా పేరు బీదరుకు వచ్చింది. ఈ నెల ముప్పై ఒకటో తేదీకి ఇక్కడ వదలాలి. వద్దని కూడా నేను అనలేదు, మార్చి దాకా ఆపండి, మా ఇంటామె పరీక్ష అయ్యేదాకా, అంతే రాశాను. ఆయన అర్జీ చదవలేదు. నా సర్వీసు పుస్తకం తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఆఫీసులో కన్నడం, కోపం వస్తే ఇంగ్లీషు మాట్లాడే మనిషి, వాళ్లమ్మ కోలారు పక్కావిడట, ఉన్నట్టుండి మా తెలుగులోకి దిగాడు. "చింతామణి తాలూకానా నీది? ఆ పక్క మంచి చెరువులుండాయా పద్మనాభా? చేపలుండేటివి? పొద్దున పోయి మాపిటికి తిరిగొచ్చేంత దూరంలో?" నాకు చెరువంటే పెళ్లిళ్లకు పోతూ బస్సు కిటికీలోంచి చూసే నీళ్లు. చేపంటే సంతలో ముక్కు మూసుకుని దాటిపోయే వరుస. అయినా నా నోరు నన్నడగకుండా, "ఉండాయి సార్, శానా ఉండాయి, నేను చూపిస్తాను" అనేసింది. ఆయన అర్జీని బల్ల మీద కాగితాల కింద పెట్టి "చూద్దాం" అన్నాడు. దేని గురించి అన్నాడు, చెరువుల గురించా, నా బదిలీ గురించా? ఐదు వారాలుగా ఆ ఒక్క మాటనే నమలుతున్నాను, ఇంకా అర్థం కాలేదు.

మొదటి ఆదివారం హెసరఘట్ట. అక్కడికి పోవడానికి నేనెందుకు, బెంగళూరులో గాలం కర్ర ఉన్న ప్రతివాడూ అక్కడే ఉన్నాడు, ఒకరి తీగ ఒకరికి చుట్టుకుని అందరూ ఇంగ్లీషులో క్షమాపణలు చెప్పుకుంటున్నారు. రెండో ఆదివారం చిక్కబళ్ళాపురం కందవార చెరువు. మేము చేరే వేళకు చాకిరేవు నిండిపోయి ఉంది, బండల మీద బట్టలు టపటపమంటుంటే ఆయన నావైపు ఒక చూపు చూశాడు, ఆ బట్టలన్నీ నేనే ఉతికిస్తున్నట్టు. మూడో ఆదివారం బాగేపల్లి దాకా పోయాం, చిత్రావతి మడుగుల్లో మనిషి చేయంత చేపలున్నాయని బెంగళూరులో మెజెస్టిక్ టాకీసు దగ్గర ఒక బస్సు డ్రైవరు ఒట్టేసి చెప్పాడు. మడుగుల్లో రాళ్లున్నాయి. రెండు గాలాలు రాళ్లకే ఇచ్చి వచ్చాం. నాలుగోసారి మండికల్ పక్క ఒక చెరువు, పేరు కూడా గుర్తుంచుకోలేదు. అక్కడ ఒక్కటి పడింది. నా అరచేతికన్నా చిన్నది. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, ఎంతో సేపు చూసి, మళ్లీ నీళ్లలో వదిలేశాడు. నేను నాలుగు వారాలుగా దేవుడికి మొక్కుకున్న చేప! అది ఆయన చేతిలో ఉన్నప్పుడే అడుగుదామని గొంతు సవరించుకున్నాను, "సార్, ఆ అర్జీ" అనేంతలో ఎవరివో ఎనుములు మంద మందంతా నీళ్లలోకి దిగాయి. ఆయన లేచి కర్ర చుట్టేశాడు. నా మాట ఆ బురదలోనే ఉండిపోయింది.

సరే, ఈ వారం చింతామణి దాటి బట్లహళ్ళి, ఇంత దూరం. తెల్లవారక ముందే ఆయన బంగళా గేటు ముందు నిలబడాలి, ఆయన పాత ఆస్టిన్ కారు స్టార్టయ్యేదాకా తోయాలి, సామాను సర్దాలి, డబ్బా ఒళ్లో పెట్టుకోవాలి. దారి చింతామణి బజారులోంచే. మా మేనమామ అంగడి ముందు మా అత్త కన్యకమ్మ నీళ్లు చల్లుతూ ఉంటుందని తెలుసు, అందుకే చెప్పు సరిచేసుకుంటున్నట్టు సీటులో మోకాళ్ల దాకా వంగిపోయాను. ముప్పై నాలుగేళ్ల మనిషిని, ప్రభుత్వ నౌకరీలో ఉన్నవాణ్ణి, సొంత ఊళ్లో దొంగలాగా! "ఏమైందప్పా?" అన్నాడాయన. ఏమీ కాలేదు సార్. ఏమీ కాకపోవడమే కదా నా బాధ. ఏదో ఒకటి అయితే బాగుండు, అవును అంటే అవును, కాదు అంటే కాదు, సామాను కట్టుకోవాలో విప్పుకోవాలో తెలిసేది. ఇల్లంతా ఐదు వారాలుగా సగం కట్టి ఉంది. ఇత్తడి బిందెలు గోనెసంచిలో, రోకలి మూలన పాతచీర చుట్టుకుని. ప్రతి ఆదివారం నేను పెరట్లో తలమీద నీళ్లు పోసుకుని లోపలికి వస్తే మా ఇంటామె అంబుజమ్మ కంచం పెడుతుంది. ఏమైంది అని అడగదు. నా మొహం చూస్తే చాలు.

ఆమె అడిగినా బాగుండేది. పద్నాలుగేళ్లకు నా ఇంటికి వచ్చిన మనిషి, ఎనిమిదో తరగతి మధ్యలో. వంట చేస్తూ చదివింది, మా అమ్మ తిట్లు తింటూ చదివింది, తెలుగింట్లో పుట్టి కన్నడంలో ఎస్సెస్సెల్సీ కట్టి రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యింది. ఆ రోజు మా చుట్టాల్లో ఒక్కరూ సంతోషపడలేదు, నేను తప్ప. నేను కూడా కొంచెం భయపడుతూనే సంతోషపడ్డాను. టీచరు ట్రైనింగులో సీటు వచ్చినప్పుడు తెల్లచీర నీలం అంచు కట్టుకుని అద్దం ముందు నిలబడి, "చూడండి, మేష్ట్రమ్మలాగా ఉండానా?" అంది. ఉన్నావు అన్నాను. నిజంగానే ఉంది. ఇంక మూడున్నర నెలలు. మూడున్నర నెలలు ఆ బీదరు నేను లేకుండా నడవలేదా? ఆమెను ఒక్కదాన్నే ఇక్కడ వదలమంటారా, బెంగళూరు నగరతపేటలో ఆ ఒంటిగదిలో? మా అమ్మ ఒప్పుకోదు, ఆమె అన్నలు ఒప్పుకోరు. నిన్న సాయంత్రం దీపం పెట్టగానే ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. ట్రైనింగు వదిలేస్తున్నట్టు ప్రిన్సిపాలుకు జాబు. క్రిస్మస్ సెలవులకు ముందే వదిలితే అసలు సర్టిఫికెట్లు వెనక్కిస్తారట, తరువాతైతే ఏడాది ఆఖరు దాకా ఇవ్వరట. రేపు సోమవారం పది గంటలకు ఇచ్చేస్తానంది. "తప్పులుంటే దిద్దండి" అంది. చదివాను. స్వంత కారణాల వల్ల అని రాసింది. ఒకచోట ఒత్తు తప్పింది. పెన్ను తీసి దిద్దాను. అదీ నేను చేసిన పని! ఆమె చదువు ఆపేసే కాగితంలో ఒత్తు దిద్ది ఇచ్చాను, ఆమె బాగుంది అన్నట్టు తల ఊపి మడిచి పుస్తకంలో పెట్టుకుంది, ఆ తరువాత మేమిద్దరం చారు అన్నం తిన్నాం.

అందుకే ఈ రోజు నిర్ణయించుకున్నాను. చేప పడినా పడకపోయినా పదకొండింటికి అడిగేస్తాను. పదకొండయ్యింది. ఇప్పుడు పదకొండూ పది. ఆయన మెడ వెనుక ఎండకు ఎర్రగా కమిలింది, దాన్నే చూస్తున్నాను. సార్ అనాలి. ఆ ఒక్క అక్షరమే కదా. ఈలోగా బైరప్ప కంబళిలోంచి దగ్గాడు. దగ్గి, ఊరికే ఉండలేక, "సామీ, అట్ల కూసుంటే ఏమొస్తాది. ఎండ పైకొచ్చేసింది, అది అడుగున బురదలో పండుకోని ఉండాది ఇప్పుడు" అన్నాడు. ఆయన తిరక్కుండానే వేలు పెదవి మీద పెట్టి ఉష్ అన్నాడు. బైరప్ప నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "శెట్టప్పా, మీకేమి కర్మ ఇది?" అన్నాడు. నవ్వాను. నా నవ్వుకు నాకే ఒళ్లు మండింది.

అప్పుడే ఆయన కర్ర లాగాడు. బెండు కదిలి కాదు, విసుగొచ్చి ఎర మార్చుదామని. తీగ వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. అటు లాగాడు, ఇటు లాగాడు, కర్ర విల్లులాగా వంగింది. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది, నా గుండె కూడా లేచింది, ఇంకేం పడింది అనుకున్నాను. బైరప్ప, "చేప కాదు సామీ, అది తుమ్మ మొద్దు. నీళ్లు లేనప్పుడు మొలిచిండేది" అన్నాడు. ఆయన ఇంకా లాగుతూనే, నా వైపు చూడకుండా, చాలా మామూలుగా, తలుపు వెయ్యమన్నట్టు, "పద్మనాభా, కొంచెం దిగి విడిపించు" అన్నాడు.

దిగాను. డబ్బా కుర్చీ మీద పెట్టి, కోటు విప్పి, పంచె ఎగగట్టి దిగాను. నీళ్లు చలికి కోస్తున్నాయి. కాళ్ల కింద బురద మెత్తగా, ఏదో బతికున్న దాని మీద నడిచినట్టు. మోకాళ్లు, తొడలు, నడుము. మా నాయన నన్ను చిన్నప్పుడు చెరువులో కాలు పెట్టనిచ్చేవాడు కాదు, జాతకంలో నీటి గండం ఉందని. ఆ గండం ఇదేనేమో, చావడం కాదు, ఇట్లా నడుము లోతు నీళ్లలో నిలబడి పై అధికారి గాలం విడదీయడం. చేత్తో తీగ పట్టుకుని పోతే మొద్దు తగిలింది. తడిమాను. ఆయన ఒడ్డు మీదినుంచి ఏమయ్యింది అంటూ కర్ర ఊరికే ఉంచలేక ఒక్క గుంజు గుంజాడు. గాలం మొద్దును వదిలి నా బొటనవేలి మొదట్లో దిగబడింది. అబ్బా అని అరిచాను. నీళ్లు ఎర్రబడ్డాయి. నొప్పికి ఏం చేస్తున్నానో తెలియక రెండో చేత్తో తీగ పట్టుకుని గట్టిగా లాగబోయాను. అప్పుడు వినబడింది.

"తెంచొద్దు! తీగ తెంచొద్దప్పా! అది ఇంగ్లాండు తీగ, ఇప్పుడు యాడా దొరకదు!"

నేను ఆగిపోయాను. చేతిలో గాలం, నడుము దాకా నీళ్లు. లోపల ఏదో పుటుక్కుమంది. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"దొరకకపోతే పోనీ సార్! నాకు చేపలంటే తెలవదు. చెరువులంటే తెలవదు. మా ఇంట్లో చేప పేరు కూడా ఎత్తరు. ఐదు వారాలుగా అబద్ధం చెప్తాండాను. ఆ అర్జీ కోసం చెప్తాండాను. మార్చి దాకా ఆపండి అని రాసిచ్చినానే, అది చదివినారా మీరు? మా ఇంటామె రేపు పొద్దున చదువు మానేస్తాండాది. జాబు రాసి పెట్టుకోనుండాది, నేనే తప్పులు దిద్దినాను. అవునో కాదో ఒక్క మాట చెప్పండి సార్. బీదరుకు పొమ్మంటే పోతాను. ఈ వానపాములు మాత్రం ఇంక నేను మొయ్యను!"

చెరువు మీద నా గొంతు అటు కొస దాకా పోయి తిరిగి వచ్చింది. అంత చప్పుడు చేసినందుకు అలవాటు కొద్దీ ఒక్క క్షణం భయమేసింది కూడా. బైరప్ప గట్టు దిగి చేయి అందించాడు, నేను పైకి వచ్చాను, పంచె కాళ్లకు అంటుకుని, వణుకుతూ. ఆయన తన పెట్టె తెరిచి పటకారు తీశాడు. నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను నేలమీద మోకాళ్లూని, నా చేయి తన ఒళ్లోకి తీసుకున్నాడు. నా చేయి పట్టుకున్న ఆఫీసరు! పన్నెండేళ్లలో ఆయన చేయి నాకు తగలడం అదే మొదలు. "కొస ఆపక్కకు రావాల, అప్పుడు ముల్లు తుంచి వెనక్కి తీయొచ్చు. ఓర్చుకో" అన్నాడు. ఆ పని ఆయనకు బాగా తెలుసు. ముల్లు టక్కున తెగింది, గాలం జారి వచ్చింది, తన రుమాలుతో కట్టు కట్టాడు. కట్టు ముడి వేస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"సంతకం చేసి మూడు వారాలయ్యింది."

"ఏం సంతకం సార్?"

"నీ బదిలీ నిలిపేసినాను. నా సొరుగులో ఉండాది. పంపలేదు."

నాకు ముందు అర్థం కాలేదు. మూడు వారాలు. అంటే కందవార చెరువు అయిన మరునాడే. బాగేపల్లికి ముందే. మండికల్‌కు ముందే. నిన్న సాయంత్రం నేను ఆ ఒత్తు దిద్దుతున్నప్పుడు కూడా అది సొరుగులోనే ఉంది.

"ఎందుకు సార్?" అన్నాను. అరవలేదు. అరిచే శక్తి పోయింది.

"చెప్పింటే నువ్వు ఈ వారం వచ్చింటావా?" అన్నాడు ఆయన. నేను కూర్చునే మడత కుర్చీ వైపు చూశాడు. "అది మా తమ్మునిది. ఇరవై ఏండ్లు ఆదివారమాదివారం ఇద్దరమే పోతాంటిమి. వానికి కూడా చేపలంటే ఏమీ తెలవదు. ఊరికే వచ్చి కూసుంటాండె. పోయిన ఉగాదికి పోయినాడు. ఒక్కన్నే రెండుసార్లు పోయి చూసినాను. కూసోలేకపోతిని."

జాలి పడాలా? పడ్డాను, అదే నాకు ఇంకా మంట. పడకుండా ఉంటే ఎంత హాయిగా కోపగించుకునేవాణ్ణి! నీ తమ్ముడు పోయాడు, నిజమే, అందుకు మా ఇంటి బిందెలు గోనెసంచిలో ఎందుకుండాలి? మూడు వారాలు ఆమె రాత్రి పుస్తకం తెరవకుండా గోడ చూస్తూ పడుకుంది, ఆ మూడు వారాలు ఎవరు తెచ్చిస్తారు? ఒక్క మాట అని ఉంటే, పద్మనాభా నాకు తోడు కావాల, రా, అని ఉంటే, వచ్చేవాణ్ణేనేమో. రాకపోయేవాణ్ణేమో. ఆ సంగతి తెలుసుకునే వీలు కూడా లేకుండా చేశాడు. లేచాను. కోటు తీసుకుని, తడి పంచెతోనే కట్ట దిగి రోడ్డు వైపు నడిచాను. సెలవని చెప్పలేదు.

బైరప్ప వెనకాల కొంత దూరం వచ్చాడు. "యాడికి పోతాండావు శెట్టప్పా?"

"బెంగళూరికి."

"బస్సు రెండు గంటలకు గానీ లేదు కదప్పా!"

తెలుసు. అయినా నడిచాను. రేపు పది గంటల లోపు కాగితం ఆపాలి, దానికి ఇంకా ఇరవై మూడు గంటలున్నాయి, నడిచిపోనక్కర్లేదు, అదీ తెలుసు. కానీ ఆ కట్ట మీద ఇంకో నిమిషం ఉండలేను. రోడ్డుకు రెండు పక్కలా రాగి కోసేసిన చేలు. చెప్పులు కట్ట మీదే మరిచిపోయానని మైలురాయి దగ్గర తెలిసింది. సంతోషం కోసం లోపల వెతికాను. బదిలీ ఆగింది కదా, ఆమె మేష్ట్రమ్మ అవుతుంది కదా, మరి సంతోషం ఎక్కడ? కంకర గుచ్చుకుంటోంది. వేలు సలుపుతోంది. ఇంటికి పోయి ఏమని చెప్పాలి? ఆగిపోయింది అంటే, ఎప్పుడు అంటుంది. మూడు వారాల కింద అంటే, మరి ఎందుకు చెప్పలేదు అంటుంది. ఆయన ఒంటరివాడు అంబుజా అని చెప్పాలా? ఆయన తరఫున నేనే వకాలతు చేయాలా, అది కూడా నా పనేనా?

వెనుక ఆస్టిన్ చప్పుడు. ఒక్కడే తోసుకున్నాడో, బైరప్ప తోశాడో. నా పక్కకు వచ్చి ఆగింది. ఆయన పక్కకు వంగి తలుపు తెరిచాడు. నా చెప్పులు సీటు కింద పెట్టి ఉన్నాయి.

"ఎక్కప్పా" అన్నాడు.

ఎక్కక ఏం చేయను? అదే కదా నా ఖర్మ, ఈ మనిషి మీది కోపంతో ఇంటికి పోవడానికి కూడా ఈ మనిషి కారే కావాలి. ఎక్కాను. కానీ తలుపు వేయలేదు. కాలు ఒకటి రోడ్డు మీదే ఉంచి చెప్పాను.

"మా ఇంటామెకు నేను చెప్పను సార్. ఆ మాట మీరే చెప్పాల. ఇంట్లోకి వచ్చి, ఆమె ముందర నిలబడి, ఎప్పుడు సంతకం చేసినారో, ఎందుకు దాచినారో, అంతా మీ నోటితోనే చెప్పాల."

ఆయన స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ ఉండిపోయాడు. ఒక ఎద్దులబండి మమ్మల్ని దాటి పోయింది. బండివాడు తిరిగి తిరిగి చూశాడు, తడి పంచె మనిషినీ, తలుపు తెరిచిన కారునూ. నేను కాలు లోపలికి తీసుకోలేదు. ఆయన "కాదు" అంటే దిగిపోదామనే అనుకున్నాను, రెండు గంటల దాకా రోడ్డు పక్కన నిలబడదామనే అనుకున్నాను, జీవితంలో మొదటిసారి ఒక అధికారి మాట కోసం భయం లేకుండా ఎదురు చూశాను.

"మీ ఇల్లు యాడప్పా?" అన్నాడు ఆయన.

ఐదు ఆదివారాలు. ప్రతిసారీ నేనే ఆయన గేటు ముందు నిలబడ్డాను, నాలుగుసార్లూ సాయంత్రం ఆయన గేటు ముందే దిగి నడిచిపోయాను.

"నగరతపేట. రెండో అడ్డరోడ్డు" అన్నాను. తలుపు వేశాను.